నల్లచొక్కాల నాయకుడు

ఐర్లండు దేశమున ఉత్తరపు కొసను డోనెగాల్ అను మండలము కలదు. ఆ మండలమందలి రామెల్టన్ అను చిన్న పట్టణమున 1873వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన డేవిడ్ గల్లహర్ జన్మించెను. తండ్రి జేమ్సు వర్తకుడు, వయసు మళ్ళినవాడు. తల్లి ఆనా మరియా ఆయనకంటె చాల చిన్నది. వ్యాపారము సాగలేదు, ఇంటినిండ పిల్లలు. ఆ దినములలో స్టీవర్టు అను నొక దొర ఐర్లండు ప్రజలను న్యూజీలాండు దేశమునకు గొనిపోయి, కాటికాటి అను తావున వారికి భూములిప్పించి కాపురములు పెట్టించుచుండెను. ఆ మాట నమ్మి గల్లహర్ కుటుంబము 1878లో లేడీ జోస్లిన్ అను ఓడ నెక్కి భూగోళపు ఆవలి పార్శ్వమునకు తరలిపోయెను. డేవిడునకు అప్పటికి అయిదేండ్లు నిండలేదు.

కాటికాటి చేరినంతనే వారి ఆశ లడుగంటెను. చూపిన నేల వెంటనే సేద్యమునకు వచ్చునది కాదు. పొదలు నరికి, వేళ్ళు పెల్లగించి, ఏండ్లతరబడి పాటుపడినగాని గింజ రాలదు. ముసలితండ్రి ఆ పనికి చాలడు. అందుచేత తల్లియే ఆ యూరి బడిలో ఉపాధ్యాయినిగా చేరి, వారమునకు రెండు పౌనుల జీతముతో ఆ పెద్ద సంసారమును ఈదుకొని వచ్చెను. అచ్చటివారు ఇంటిపేరును సరిగా వ్రాయలేకపోవుటచే అందలి అక్షరమొకటి జారిపోయి, ఆ కుటుంబమునకు కొత్త స్పెల్లింగే స్థిరపడెనట. 1887లో ఆ తల్లి వ్యాధితో మరణించెను. డేవిడునకు అప్పుడు పదుమూడేండ్లు. చదువునకు స్వస్తి చెప్పి, పశువులను, వ్యవసాయపు సరకులను క్రయవిక్రయములు చేయు నొక వర్తకునికడ పనికి కుదిరెను.

కొన్నాళ్ళకు అతడు ఆక్లండు నగరమునకు పోయెను. అచ్చట గొర్రెమాంసమును మంచున గడ్డకట్టించి విదేశములకు ఎగుమతి చేయు నొక కంపెనీలో ఉద్యోగము దొరికెను. తెల్లవారినది మొదలు బరువైన మాంసపు తునకలను భుజములమీద మోయుట అతని పని. దానివలన దేహము ఉక్కువలె గట్టిపడెను. ఆరడుగుల పొడవు, వెడల్పైన ఛాతి, తక్కువ మాట. ఇట్టి యువకుడు 1895లో పాన్సన్‌బీ అను రగ్బీ క్లబ్బున చేరెను. మరుసటి యేడు ఆక్లండు రాష్ట్రపు జట్టున ఆడుటకు ఎంపికయ్యెను.

రగ్బీ అను ఆట మీలో చాలమంది చూచియుండరు. గ్రుడ్డు ఆకారముగల తోలుబంతి. ఒక్కొక్క వైపు పదునయిదుగురు ఆటగాండ్రు. బంతిని చేత బట్టుకొని పరుగెత్తవచ్చును, తన్నవచ్చును. తోటివానికి అందీయవచ్చును గాని ముందునకు విసరరాదు. బంతి పట్టుకొన్నవానిని ఎదుటిపక్షమువారు నడుము పట్టి పడగొట్టవచ్చును. మన చెడుగుడు ఎరిగినవారికి ఇది కొంత సులభముగ బోధపడును. ఎదిరి గీత దాటి బంతిని నేలకు తాకించినచో దానిని ట్రై అందురు. ఆ కాలమున ట్రైకి మూడు పాయింట్లు. పిమ్మట బంతిని గోలుకొయ్యల నడుమ పైనుండి తన్నగలిగినచో మరి రెండు. ఆట మధ్య ఏదైన చిన్న తప్పు జరిగినప్పుడు ఉభయపక్షముల ఫార్వర్డులును వంగి, భుజములు కలిపి, పొట్టేళ్ళవలె తలలొడ్డి నెట్టుకొందురు. దీనికి స్క్రమ్ అని పేరు. బంతిని వారి కాళ్ళనడుమ వేయుదురు. దానిని తమ కాలితో వెనుకకు లాగుకొన్నవారిది పైచేయి. వెనుక కాచుకొనియున్న హాఫ్‌బ్యాక్ అను పొట్టివాడు ఆ బంతిని చటుక్కున తీసి తన పరుగుగాండ్రకు అందించును.

ఈ స్క్రమ్ చుట్టునే గల్లహర్ కీర్తియు, అపకీర్తియు పెనవేసికొని యున్నవి గనుక దానిని మరికొంత వివరింపవలెను. ఇంగ్లండు మొదలగు దేశములలో ఎనమండుగురు ఫార్వర్డులు స్క్రమ్ములో దిగెడివారు. అందు ఎవరికిని నియతస్థానము లేదు, ముందు వచ్చినవాడు ముందు వంగును. న్యూజీలాండు వారట్లుగాక ఏడుగురినే దింపి, ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, వెనుక ఇద్దరుగా నిలిపిరి. ఎవని చోటు వానిది, ఎవని పని వానిది. ఎనిమిదవవాడు స్క్రమ్ములో చేరడు. అతడు బంతిని లోపలికి వేసి, తాను ప్రక్కననే నిలుచుండును. బంతి తనవారి వెనుకకు రాగానే, దానిని తీయు హాఫ్‌బ్యాకునకు అడ్డుగోడవలె నిలిచి శత్రువులను అతనిమీద పడనీయడు. వీనికి వింగ్ ఫార్వర్డ్ అని పేరు. గల్లహర్ ఆ స్థానమున ఆడెను.

1901లో దక్షిణాఫ్రికాయందు బోయరు యుద్ధము సాగుచుండగా అతడు న్యూజీలాండు అశ్వికదళమున చేరి పోయి, మరుసటి యేడు తిరిగివచ్చెను. 1903లో న్యూజీలాండు జట్టుతో ఆస్ట్రేలియాకు పోయి ఆడెను. 1904లో బ్రిటను నుండి వచ్చిన జట్టును వెల్లింగ్‌టన్ నగరమున 9–3 తేడాతో ఓడించిన జట్టులోను ఉండెను. ఆ పోటీ తర్వాతనే న్యూజీలాండు వారికి, మనమే ఓడనెక్కి బ్రిటనుకు పోయి వారి గడ్డమీదనే వారిని ఎదుర్కొనగూడదా అను ధైర్యము కలిగెను.

1905లో ఆ యాత్ర నిశ్చయమయ్యెను. ఇరువదియేడుగురు ఆటగాండ్రు; గల్లహర్ నాయకుడు; దక్షిణద్వీపపు చెప్పులు కుట్టు వృత్తివాడైన బిల్లీ స్టెడ్ ఉపనాయకుడు; డిక్సన్ అను నతడు మేనేజరు. జూలై 30వ తేదీన రిముటాకా అను ఓడ వెల్లింగ్‌టన్ రేవునుండి బయలుదేరెను. తీరము కనుమరుగు కాకమునుపే గుసగుసలు మొదలయ్యెను. నాయకుని ఆటగాండ్రే ఎన్నుకొనక, క్రీడాసంఘమువారు పైనుండి నియమించుట యేమని కొందరు. ఆక్లండు వారికే అన్నియు దక్కినవని దక్షిణద్వీపమువారు కొందరు. జట్టు జాబితా ప్రకటించిన పిదప ఇట్టి మాటలు రాకుండ ఎచ్చటను ఉండదు. పాఠశాలలో పదునొకండుగురి పేర్లు బోర్డున అంటించిన దినమున ఎన్ని ముఖములు చిన్నబోవునో, ఎన్ని గుంపులు చెట్లక్రింద చేరునో, ముప్పది యేండ్లు ఆ పని చేసిన నాకు తెలియును. కాని పాఠశాలలో సాయంకాలమునకు ఎవరి ఇంటికి వారు పోవుదురు. ఓడలో ఆరువారములు ఎచ్చటికి పోగలరు?

ఈ సంగతి గల్లహర్ చెవినబడెను. అతడు ఎవరిమీదను కోపింపలేదు. ఎవరు అనిరని విచారింపను లేదు. అందరిని సమావేశపరచి, తాను నాయకత్వమును వదలుకొనెదనని తెలిపెను. స్టెడ్ కూడ అట్లే చెప్పెను. మేనేజరు అందుకు అంగీకరింపలేదు. అయినను ఆటగాండ్రు ఓట్లు వేసి చూచుకొనిరి. పూర్తిగ ఏకగ్రీవము కాకపోయినను అధికసంఖ్యాకులు ఆ ఇరువురినే ఉంచవలెననిరి. అంతటితో ఆ వివాదము సముద్రమున గలిసెను. నియమితుడైన నాయకుడు ఇప్పుడు ఎన్నుకొనబడిన నాయకుడయ్యెను. పిమ్మట ప్రతిదినమును ఓడ పైతట్టున స్క్రమ్ములు కట్టుట, పరుగులు పెట్టుట, ఆటయందలి ఎత్తుగడలను తర్కించుట సాగెను.

సెప్టెంబరు 16వ తేదీన ఎక్సెటర్ పట్టణమున డెవన్ మండలపు జట్టుతో వారి మొదటి ఆట. డెవన్ బలమైన జట్టు. ఆట ముగియునప్పటికి న్యూజీలాండు 55, డెవన్ 4. ఈ అంకెలు తంతిద్వారా అందినప్పుడు కొన్ని పత్రికాకార్యాలయములవారు నమ్మలేక, గెలిచినది డెవన్ అయియుండునని తారుమారుగ అచ్చువేసిరని చెప్పుదురు. అదియాదిగ వారికి ఎదురులేకపోయెను. నల్లచొక్కా, నల్లలాగు, రొమ్మున వెండిరంగు ఫెర్న్ ఆకు గుర్తు. ఆ వేషమును బట్టి ఆల్ బ్లాక్స్ అను పేరు ఆ యాత్రలోనే వారికి స్థిరపడెను. స్కాట్లండును 12–7, ఐర్లండును 15–0, ఇంగ్లండును 15–0 తేడాలతో ఓడించిరి. ఐర్లండు ఆటలో మాత్రము గల్లహర్ కాలిగాయముచేత ఆడలేదు.

గెలుపు పెరిగినకొలది నింద కూడ పెరిగెను. వింగ్ ఫార్వర్డ్ అనువాడు ఆటగాడు కాడు, అడ్డగించువాడని పత్రికలు వ్రాసెను. బంతి లేనివానిని అడ్డగించుట నిబంధనలకు విరుద్ధమని కొందరు. బంతిని స్క్రమ్ములోనికి తిన్నగ వేయక మెలితిప్పి తనవారి కాలికి చేరునట్లు వేయుచున్నాడని మరికొందరు. రిఫరీలు మాటిమాటికి ఈల వేసిరి. ప్రేక్షకులు అతడు కనబడగానే అరచి గేలిచేసిరి. పదునయిదుగురిలో ఒక్కనిని మోసగాడని వేలెత్తి చూపిరి. ఆ ఒక్కడు నాయకుడు. నిష్పక్షపాతముగ చూచినచో ఆ విమర్శలో కొంత నిజము లేకపోలేదు. ఆ పద్ధతి నిబంధనల అంచున నడచునది. కాని గల్లహర్ దానిని దాచి చేయలేదు. తన దేశమున అందరు ఆడు తీరుననే, అందరి కన్నుల యెదుట, అతడు ఆడెను. పత్రికలవారితో వాదమునకు దిగక, వచ్చు ఆటకు జట్టును సిద్ధపరచుకొనుచు పోయెను.

ఇట్లు మూడు నెలలలో ఇరువదియేడు ఆటలు ఆడి, ఇరువదియేడును గెలిచి, ఆ జట్టు డిసెంబరు మాసమున వేల్సు దేశమునకు చేరెను. వేల్సు చిన్నదేశము, బొగ్గుగనులు, ఉక్కు కార్ఖానాలు, లోయలయందు పల్లెలు. కాని రగ్బీ అచ్చట దొరల బడులకు పరిమితమైన ఆట కాదు. గనికూలివాడును, వైద్యుడును ఒకే జట్టున ఆడెడివారు. ఆ సంవత్సరమే వేల్సు ఇంగ్లండును, స్కాట్లండును, ఐర్లండును వరుసగ ఓడించియుండెను. బ్రిటను ద్వీపముల గౌరవమును నిలుపు భారమిక తమ జట్టుదే యని వేల్సు ప్రజలు తలచిరి.

ఆ పోటీకి ముందు కొన్నివారములపాటు వేల్సులో ఇద్దరు కలిసిన చోట ఇదే మాట. గనులలో దిగువారు, రైలుబండ్లలో పోవువారు, ఆదివారము ప్రార్థనామందిరములనుండి వెలుపలికి వచ్చువారు కూడ జట్టును గూర్చియే తర్కించిరి. మొదటి ప్రశ్న, ఎనమండుగురు ఫార్వర్డులతో ఆడవలెనా, లేక న్యూజీలాండు వారివలె ఏడుగురితోనా? ఇంతకాలము ఎనమండుగురితో గెలిచితిమి, పరాయివారిని చూచి వాతలు పెట్టుకొననేల అనుట ఒకవైపు వాదము. గల్లహర్ వెలుపల నిలిచి హాఫ్‌బ్యాకును కాపాడుచుండగా మనకును అట్టి విడియాటగాడొకడు లేనిచో వాని నెవ్వడు పట్టును అనుట రెండవవైపు వాదము. పిమ్మట వ్యక్తుల ప్రసక్తి. అనుభవశాలియైన గ్విన్ నికల్స్ అప్పటికి అంతర్జాతీయపు ఆటలనుండి విరమించియుండెను. అతనిని మరల పిలువవలెనా? వయసు వచ్చినవాడు, కాళ్ళు సాగునా? ఇట్టి చర్చలలో సాధారణముగ గొంతు పెద్దదైనవానిదే గెలుపు. ఇచ్చట మాత్రము ఎంపికసంఘమువారు మాటలతో తేల్చక, పరీక్షాక్రీడలు పెట్టించి కొత్తపద్ధతిని ఆడించి చూచిరి. కడకు ఏడుగురు ఫార్వర్డులే యని నిశ్చయించిరి. ఎనిమిదవవానికి బదులు క్లిఫ్ ప్రిచర్డ్ అను నతనిని, స్క్రమ్మునకు వెలుపల, అవసరమైనచోటికి పోవు స్వేచ్ఛతో నిలిపిరి. నికల్స్‌ను ఒప్పించి రప్పించి నాయకుని చేసిరి.

చూడుడు, ఎంత వింతయో! ఏ పద్ధతిని మోసమని దేశమంతయు నిందించెనో ఆ పద్ధతినుండియే వేల్సువారు పాఠము నేర్చుకొనిరి. అంతటితో ఆగలేదు. డికీ ఓవెన్ అను పొట్టి హాఫ్‌బ్యాక్, ఉక్కు కార్ఖానాలో పనివాడు, ఒక ఎత్తుగడ పన్నెను. దానిని జట్టువారు రహస్యముగ అభ్యసించిరి. దాని సంగతి ముందు చెప్పెదను.

న్యూజీలాండు శిబిరమునను చింతలు లేకపోలేదు. మేటి పరుగుగాడు జార్జి స్మిత్ గాయపడియుండెను. స్టెడ్ ఆనాటి జట్టులో లేడు. అతని చోట మైనాట్ ఆడవలసివచ్చెను. బలాఢ్యుడైన కన్నింగ్‌హామ్ కూడ లేకపోయెను. మూడు నెలలుగ ఊరూర ఆడి ఆడి అందరి దేహములు నలిగియుండెను. రిఫరీ విషయమున సైతము ఒప్పందము కుదరలేదు. వేల్సువారు సూచించిన నలుగురిని వీరు కాదనిరి. వీరు సూచించిన నలుగురిని వారు కాదనిరి. తుదకు స్కాట్లండు సంఘమువారు జాన్ డల్లస్ అను యువకుని నియమించిరి.

డిసెంబరు 16వ తేది శనివారము. కార్డిఫ్ నగరమందలి ఆర్మ్స్ పార్క్ మైదానమున నలువదియేడు వేల జనము క్రిక్కిరిసెను. న్యూజీలాండు వారు తమ అలవాటు చొప్పున మావోరీల యుద్ధనృత్యమైన హాకా చేసిరి. పాదములు నేలను దన్ను చప్పుడునకు మైదానము నిశ్శబ్దమయ్యెను. అది ముగియగానే వేల్సు ఆటగాడు టెడ్డీ మోర్గన్ తమ దేశగీతము నెత్తుకొనెను. తోటివారు అందుకొనిరి; పిమ్మట జనసమూహమంతయు అందుకొనెను. ఆట ఆరంభమునకు ముందు దేశగీతము పాడు ఆచారము ఆ దినముననే మొదలయ్యెనని చెప్పుదురు. ప్రత్యర్థులు ఆ గానమును వినుచు నిలువబడియుండిరి.

ఆట సాగెను. స్క్రమ్ వచ్చినప్పుడెల్ల వేల్సు ఫార్వర్డులు తొందరపడక, న్యూజీలాండు వారి ముందువరుస ఇద్దరును వంగిన పిదపనే తమ మనుష్యులను సర్దుకొని బంతికి దగ్గరిచోటు తామే పట్టిరి. దానికితోడు గల్లహర్ బంతి వేసినప్పుడెల్ల తప్పు వేసినాడని డల్లస్ ఈల వేసెను. తీర్పు వెంబడి తీర్పు అతనికి వ్యతిరేకముగనే వచ్చెను. ఇక లాభము లేదని, స్క్రమ్ములో బంతికై పోరాడవద్దని గల్లహర్ తనవారికి చెప్పవలసివచ్చెను. ఇరువదియేడు ఆటలు గెలిపించిన ఆయుధమును నాయకుడే క్రింద పెట్టెను.

మొదటి భాగము ముగియకమునుపే ఓవెన్ తన ఎత్తు వేసెను. స్క్రమ్మునుండి బంతి తీసికొని కుడివైపునకు పరుగెత్తెను. పెర్సీ బుష్, నికల్స్, లూయెలిన్, అందరును పేరుమోసిన పరుగుగాండ్రే, అతనితోపాటు కుడివైపునకు ఉరికిరి. నల్లచొక్కాలన్నియు అటే కదలెను. ఆ క్షణమున ఓవెన్ గిరుక్కున తిరిగి బంతిని ఎడమవైపునకు, దూరముగ నిలిచియున్న ప్రిచర్డునకు విసరెను. ప్రిచర్డ్ గేబునకు, గేబ్ మోర్గనునకు అందించిరి. దేశగీతము నెత్తుకొన్న ఆ మోర్గనే మెరుపువలె పరుగెత్తి మూలన బంతిని నేలకు తాకించెను. వేల్సు 3, న్యూజీలాండు 0. తరువాతి తన్నుడు గురి తప్పెను.

రెండవ భాగమున జరిగిన సంగతిని గూర్చి నూరేండ్లు దాటినను వాదులాడుట మానలేదు. బిల్లీ వాలెస్ బంతితో అడ్డముగ చొచ్చుకొనిపోయి బాబ్ డీన్స్ అను నవయువకునికి అందించెను. డీన్స్ గీతవైపు ఉరికెను. వేల్సువారు పట్టి పడగొట్టిరి. తాను గీత దాటి బంతిని నేలకు తాకించితినని, పిమ్మట తన్ను వెనుకకు లాగిరని డీన్స్ చెప్పెను. రిఫరీ డల్లస్ మామూలు దుస్తులతో, నేలబట్టు మేకులులేని బూట్లతో వెనుకబడియుండెను. అతడు వచ్చి చూచునప్పటికి బంతి గీతకు ఈవల నుండెను. ట్రై ఇయ్యలేదు. మరునాడు డీన్స్ లండనులోని ఒక పత్రికకు తంతి పంపి, తాను ట్రై చేసినది నిజమని తెలిపెను. వేల్సు ఆటగాండ్రలోనే తరువాతి కాలమున అవునన్నవారు కలరు, కాదన్నవారు కలరు. పాపము, డీన్స్ 1908లో ఇరువదినాలుగేండ్ల ప్రాయముననే వ్యాధిచేత మరణించెను.

ఆ ట్రై లెక్కించియున్నచో పాయింట్లు సమానమయ్యెడివి. యాత్రయంతయు ఓటమిలేని యాత్రగ మిగులుటకు అవకాశ ముండెడిది. ఆనాటి సాయంకాలము పత్రికలవారు గల్లహర్‌ను చుట్టుముట్టిరి. మూడు నెలలు మోసగాడని తన్ను దూషించినవారికి, ఇప్పుడు తానొక ఫిర్యాదు చేయుటకు ఇంతకంటె మంచి సమయము దొరకదు. అతడు ఆ పని చేయలేదు. ఆట చివరి క్షణమువరకు చక్కగ సాగినదని, మేలైన జట్టే గెలిచినదని, అందులకు తనకు అసంతృప్తి లేదని చెప్పెను. రిఫరీని గూర్చి అడిగినప్పుడు, తానాడిన ఆటయందలి రిఫరీని గూర్చి అభిప్రాయము చెప్పకుండుట తన నియమమని ఊరకుండెను. తాను తొడిగిన నల్లచొక్కాను వేల్సువారి కొకరికి ఇచ్చివేసెను. ఆ చొక్కా 2015లో కార్డిఫ్ నగరముననే వేలమునకు వచ్చి 1,80,000 పౌనులకు అమ్ముడుపోయెను.

వేల్సులో ఇంకను నాలుగు ఆటలు మిగిలియుండెను. గెలిచిరి గాని అందు మూడు అతికష్టముమీద: న్యూపోర్టుపై 6–3, కార్డిఫ్ క్లబ్బుపై 10–8, స్వాన్సీపై 4–3. పిమ్మట 1906 జనవరి 1వ తేదీన పారిస్ నగరమున ఫ్రాన్సును 38–8 తేడాతో ఓడించిరి. ఫ్రాన్సు దేశమునకు అదియే మొదటి అంతర్జాతీయ రగ్బీ పోటీ. అమెరికా మీదుగ మరి రెండు ఆటలాడి స్వదేశము చేరిరి. మొత్తము ముప్పదియైదు ఆటలలో ముప్పదినాలుగు గెలుపులు, ఒక్క ఓటమి. 976 పాయింట్లు సంపాదించి 59 మాత్రమే ఇచ్చిరి. ఆక్లండు రేవున వారికి గొప్ప స్వాగతము జరిగెను.

గల్లహరును స్టెడ్డును కలిసి తమ ఆటపద్ధతిని వివరించుచు ఒక పెద్ద గ్రంథము వ్రాసిరి. అది 1906లో వెలువడెను. స్క్రమ్ ఎట్లు కట్టవలెనో, ఎవడెచ్చట నిలువవలెనో పటములతో సహా అందు తెలిపిరి. ఏ రహస్యముచేత గెలిచిరో దానిని ఓడినవారికే పుస్తకముగ ఇచ్చిరన్నమాట.

ఆ పిమ్మట గల్లహర్ పెద్ద ఆటలనుండి విరమించెను. వివాహము చేసికొనెను, ఒక కుమార్తె కలిగెను. మాంసపు కంపెనీలో ఉద్యోగము మరల సాగించెను. 1906 నుండి 1916 వరకు ఆక్లండు జట్టునకు అతడొక్కడే ఎంపికదారు. 1907 నుండి 1914 వరకు న్యూజీలాండు జట్టు ఎంపికదారులలో ఒకడు. ఒకనాడు తన పేరు జాబితాలో ఉండుటపై గుసగుసలు విన్నవాడు ఇప్పుడు ఇతరుల పేర్లు వ్రాయు పనిలో ప్రవేశించెను. ఆక్లండు జట్టు 1905 నుండి 1913 వరకు ఎనిమిదేండ్లు రాన్‌ఫర్లీ షీల్డు అను దేశపు బహుమతిని ఎవరికిని ఇయ్యక నిలుపుకొనెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. గల్లహర్ వయసు నలువది దాటినది. భార్యయు, చిన్నబిడ్డయు కలరు. నిర్బంధ సైనికసేవ అతనికి వర్తింపదు. అయినను 1916లో తనంతట తానే పోయి పేరు నమోదు చేయించుకొనెను. శిక్షణకు పిలుపు రావలసియుండగా, జూన్ 3వ తేదీన ఫ్రాన్సునందు తమ్ముడు డగ్లస్ మరణించెనను వార్త వచ్చెను. ఇంకొక తమ్ముడు హెన్రీ కూడ 1918లో ఆ యుద్ధముననే మరణించెను.

1917 ఆరంభమున గల్లహర్ ఓడ నెక్కెను. ఈసారి అతడు ఆక్లండు రెజిమెంటునందు సార్జెంటు. బెల్జియము దేశమున పాషెండేల్ అను గ్రామమును పట్టుకొనుటకై భయంకరమైన పోరాటము సాగుచుండెను. వానలచేతను, ఫిరంగుల దెబ్బలచేతను ఆ నేల పలుచోట్ల బురదగుంటలుగ మారియుండెను. అక్టోబరు 4వ తేదీ ఉదయమున గ్రావెన్‌స్టాఫెల్ మిట్టపై న్యూజీలాండు దళములు దాడి చేసెను. పేలిన గుండునుండి ఎగిరివచ్చిన తునుక గల్లహర్ ఉక్కుటోపీని చీల్చుకొని తలలో నాటెను. ఆస్ట్రేలియావారి వైద్యశిబిరమునకు మోసికొనిపోయిరి. ఆ దినముననే అతడు ప్రాణములు విడిచెను. మరి ఇరువదియారు దినములు బ్రతికియున్నచో నలువదినాలుగేండ్లు నిండెడివి.

వింగ్ ఫార్వర్డ్ అను స్థానము అతని తరువాత చాలకాలము నిలువలేదు. ముందువరుసలో ముగ్గురుండవలెనను నిబంధన వచ్చుటచే 1932లో న్యూజీలాండు వారు ఇద్దరితో కట్టు స్క్రమ్మును విడిచిపెట్టిరి. దానితోపాటు ఆ అడ్డుగోడవంటి ఆటగాడును మాయమయ్యెను. గల్లహర్ పేరు మాత్రము మాయము కాలేదు. ఆక్లండు క్లబ్బుల పోటీకి 1922 నుండి అతని పేరిట షీల్డు ఇచ్చుచున్నారు. న్యూజీలాండు, ఫ్రాన్సు జట్ల నడుమ పోటీకి 2000వ సంవత్సరమున అతని పేరిట బహుమతి నేర్పరచిరి. 2011లో ఆక్లండునందలి ఈడెన్ పార్కు వద్ద అతని విగ్రహము నిలిపిరి. డోనెగాల్ మండలమందలి లెటర్‌కెన్నీ పట్టణపు రగ్బీ క్లబ్బువారు 2005లో తమ ఆటమైదానమునకు అతని పేరు పెట్టుకొనిరి.

బెల్జియమునందు పోపెరింగ పట్టణము చెంత నైన్ ఎల్మ్స్ అను సైనికశ్మశానము కలదు. వరుసలుగ నిలిచిన తెల్లరాళ్ళ నడుమ గల్లహర్ రాయి ఒకటి. యూరప్ ఖండమునకు ఆడవచ్చిన న్యూజీలాండు ఆటగాండ్రు ఎందరో అచ్చటికి పోయి ఆ రాయి ముందు కొంతసేపు నిలిచి వచ్చిరి. దానిపై చొక్కామీది ఫెర్న్ ఆకును, 32513 అను సైనికసంఖ్యయు చెక్కియున్నవి. వయస్సు 41 అని యున్నది. సైన్యమున చేరునప్పుడు అతడు పుట్టిన సంవత్సరమును మూడేండ్లు ముందుకు జరిపి 1876 అని వ్రాయించియుండెను. రాయి చెక్కినవారు దానినే నమ్మిరి.